ట్రాక్టర్ ఇసక పోతే ఏం పోతాది అనేవాళ్ళ కోసం



ఈసారి పోస్టు కొంచెం పొడవు. తీరిక ఉన్నప్పుడే చదవండి. కానీ చదవండి, ముఖ్యంగా సముద్రం పక్క పట్టా దిబ్బలు ఉన్నవాళ్ళు.

పోయిన వారం మా ఊరికి ఇద్దరు వచ్చారు. దిబ్బలు ఎవరెవరి పేరు మీద ఉన్నాయో కనుక్కుంటున్నారు. దిబ్బ కోసి ఇసక తోలుకుపోతారంట, నేల చదును చేసి ఇస్తారంట, పైగా డబ్బులు ఇస్తారంట. టీ కొట్టు దగ్గర మా కుర్రాడొకడు "ఇసకే గదా మామా, నాలుగు ట్రాక్టర్లు పోతే ఏం పోతాది, మళ్ళీ గాలికి వచ్చి పడతాది" అన్నాడు. ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేకపోయా. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే తప్పు వాడిది కాదనిపించింది. దిబ్బ సంగతి మనకి మన పెద్దోళ్ళు చెప్పారు, మనం మన పిల్లలకి చెప్పలా. అందుకే రాస్తున్నా.

మొదట ఈ దిబ్బ ఎట్లా పుట్టిందో చూద్దాం.

పెన్నమ్మ కొండల నుంచి మోసుకొచ్చిన ఇసకంతా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తాది. కలిసిన ఇసక అక్కడే ఉండదు. నైరుతి గాలుల కాలంలో అలలు దాన్ని ఒడ్డు వెంబడే ఉత్తరానికి నెడతాయి, ఈశాన్యం గాలులొస్తే దక్షిణానికి నెడతాయి. కొంత ఒడ్డు మీద పడి ఎండుతాది. ఎండిన ఇసకని సముద్రపు గాలి లోపలికి తోలుతాది. దానికి ఏదో ఒకటి అడ్డం రావాలి. ఆ అడ్డం మొదట రావణాసురుడి మీసాలు, బాలబండి తీగ. చిన్నప్పుడు మనం ఆ మీసాల గడ్డి బంతులు గాలికి దొర్లతా ఉంటే వెనక పరిగెత్తేవాళ్ళం, గుర్తుందా? ఆ గడ్డి మొదట్లో పిడికెడు ఇసక ఆగుతాది. గడ్డి ఇంకొంచెం పైకి లేస్తాది, ఇంకొంచెం ఇసక ఆగుతాది. ఇట్లా ఏళ్ళ తరబడి జరిగితే దిబ్బ. అంటే దిబ్బ వట్టి ఇసక కుప్ప కాదు. నది, అల, గాలి, గడ్డి నాలుగూ కలిసి చేసిన పని.

ఈ పని ఎప్పట్నుంచి జరుగుతా ఉందో తెలుసా? సుమారు 6 వేల ఏళ్ళ కిందట సముద్ర మట్టం దాదాపు ఇప్పుడున్న చోటికి వచ్చి కుదురుకుంది. అప్పుడు ఒడ్డు ఇప్పటికంటే బాగా లోపల ఉండేది. పెన్న తెచ్చిన మన్నూ ఇసకా చేరే కొద్దీ నేల తూరుపుకి పెరిగింది. సముద్రం ఒక్కో చోట నిలబడినప్పుడల్లా ఒక్కో ఇసక కట్ట వేసి పోయింది. ఫోనులో శాటిలైట్ మ్యాప్ తీసి పెన్న డెల్టా చూడండి. ఉత్తరం దక్షిణంగా, ఒడ్డుకి సమానంగా గీతలు కనపడతాయి. అవన్నీ పాత ఒడ్లే. నెల్లూరు నుంచి మైపాడు పోయేటప్పుడు రోడ్డు పక్క చూడండి. ఒక చోట మెరక ఇసక నేల, మళ్ళీ పల్లపు కయ్యలు, మళ్ళీ మెరక. మెరక మీద ఇళ్ళు, తాళ్ళు, తోటలు. పల్లంలో వరి. ఆ మెరకలు ఒకప్పుడు సముద్రపు అంచులు. మన తాతలు ఊళ్ళు కట్టుకునేటప్పుడు వరదకి మునగని చోటు వెతుక్కున్నారు, అది సముద్రం వేసి పోయిన కట్ట మీదే దొరికింది.

మన ఊళ్ళ పేర్లే చూడండి. అల్లూరు పక్కన ఇసకపల్లి. కావలి పక్క జువ్వలదిన్నె, పేరులోనే దిన్నె ఉంది. పడవలు ఆగే చోట్లు పట్నాలు: కృష్ణపట్నం, రామాయపట్నం, దుగరాజపట్నం. తెలుగు చోళుల కాలపు శాసనాల్లో కృష్ణపట్నానికి గండగోపాలపట్నం అని పేరు. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1626లో దుగరాజపట్నంలో కొఠీ పెట్టారు, వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అనేవాళ్ళు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఆయనే 1639లో దక్షిణానికి పోయి ఇంకో ఇసక ఒడ్డు సంపాదించాడు. అదే మద్రాసు. కాబట్టి మన ఇసకకి చరిత్ర లేదని ఎవరూ అనొద్దు.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్ళు.

సముద్రం కూతవేటు దూరంలో ఉంటే, దిబ్బ కింద తీపి నీళ్ళు ఎట్లా ఉంటాయి? వాన పడితే ఇసక ఒక్క చుక్క కూడా పారనీయదు, తాగేస్తాది. ఆ మంచి నీళ్ళు కిందికి దిగి, లోపలున్న ఉప్పు నీళ్ళ మీద తేల్తాయి. ఉప్పు నీళ్ళు బరువు, మంచి నీళ్ళు తేలిక. నూనె నీళ్ళ మీద తేలినట్టే అనుకోండి. దీని లెక్క ఒక డచ్ ఆఫీసరు, ఒక జర్మన్ ఇంజినీరు వందేళ్ళకి పైగా కిందటే కట్టారు. సముద్ర మట్టం కంటే ఒక్క అడుగు ఎత్తున మంచి నీళ్ళు నిలబడితే, మట్టం కింద సుమారు 40 అడుగుల దాకా మంచి నీళ్ళే ఉంటాయంట. వినడానికి బాగుంది గదా? తిరగేసి చూడండి. పైన ఒక్క అడుగు తగ్గితే, కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. దిబ్బ ఎత్తుగా ఉంటేనే ఆ పై అడుగు నిలబడతాది. దిబ్బ తీసేస్తే ఆ అడుగు పోతాది.

మన తాతలకి ఈ లెక్క తెలీదు, కానీ దొరువు తెలుసు. దిబ్బ వాలులో పది అడుగుల లోపు తవ్వితే ఊట. పక్కలు కూలకుండా వాలుగా తీసి, దిగడానికి బాట. జోడు కడవలు భుజాన వేసుకుని దిగడం, ముంచడం, ఎక్కి మడి మీద చల్లడం. మిరప నారు, వంగ, కూరగాయలు, పొగాకు నారు, శనక్కాయ అంతా దొరువు మీదే. మా అమ్మ తెల్లారకముందే దొరువులో దిగేది. ఆమె ఒకే ఒక మాట చెప్పేది: "దొరువుని గీకొద్దు, ఊరింది ముంచుకో." ఇప్పుడు చదివిన లెక్కతో చూస్తే ఆ మాటలో ఎంత సైన్సు ఉందో అర్థమవుతా ఉంది. లోతుకి పోతే ఉప్పు తగులుతాది, పైపై నీళ్ళు తోడుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాది. తర్వాత బాపట్లలో వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇదే పద్ధతిని బాగుచేశారు. తక్కువ లోతులో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, పైనున్న తీపి నీళ్ళని మాత్రం ఒక బావిలోకి చేర్చడం. పేరు కూడా మార్చలా, మెరుగుపరచిన దొరువు అనే పెట్టారు. బోరు వేసి పాతాళం దాకా పోయిన మనకి అది పాఠం.

దిబ్బతో మనకి తగాదా లేదా అంటే ఉండేది. బోడి దిబ్బ నడుస్తాది. వేసవి గాలికి ఇసక లేచి కయ్యల మీద పడేది, బాటలు పూడ్చేది. అందుకే పెద్దోళ్ళు తాటి టెంకలు పాతారు, మొగలి పొదలు కంచెగా పెట్టారు. దిబ్బని ప్రకృతి చేసిందనేది సగం నిజం. మిగతా సగం, దాన్ని ఒక చోట నిలబెట్టింది మనుషులు.

ఇంకో చిత్రం చెప్తా. ఇప్పుడు దిబ్బ మీద మనకి కూడు పెట్టే పంటల్లో చాలావరకు బయటినుంచి వచ్చినవే. జీడిమామిడి, శనక్కాయ, మిరప సముద్రాలు దాటి అమెరికా ఖండాల పక్కనుంచి వచ్చాయి. జీడిమామిడిని పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. సర్వి, అదే సరుగుడు, మలయా, ఆస్ట్రేలియా పక్క ఒడ్లది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తెల్లోళ్ళ ప్రభుత్వం దాన్ని ఈ కోస్తాలో తోటలుగా వేయించింది. ఎందుకు? మద్రాసు పట్నం పొయ్యిలకి, రైలు ఇంజన్లకి కట్టెలు కావాలి. సర్వి వేళ్ళకి బుడిపెలు ఉంటాయి, అవి గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి, అందుకే వట్టి ఇసకలో కూడా బతుకుతాది. సర్వి కొట్టిన నేలలో శనక్కాయ బాగా కాసేది మనందరికీ తెలిసిందే.

ఆ కట్టెలు మద్రాసుకి పోయిన దారి బకింగ్‌హాం కాలువ. మన కోస్తా రైతు దీని కథ తప్పక తెలుసుకోవాలి. 1806 ప్రాంతంలో మద్రాసు ఉత్తరాన కాక్రేన్ అనే తెల్లాయన పేరు మీద మొదలైంది. తర్వాత ప్రభుత్వం తీసుకుని, ముక్క ముక్కగా మన జిల్లా దాటించి పెదగంజాం దాకా తెచ్చింది. 1876-78 ధాత కరువులో మద్రాసు ఊళ్ళో రెండు ఏర్లని కలిపే ముక్క కరువు కూలీలు తవ్వారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం పేరు మొత్తం కాలువకి పెట్టారు. తవ్వినోళ్ళు మట్టిలో కలిశారు, పేరు ఆయనకి మిగిలింది. దిబ్బలకి, కయ్యలకి మధ్యన ఉత్తరం దక్షిణంగా సుమారు 420 కిలోమీటర్ల కాలువ. ఉప్పు, బియ్యం, సర్వి కట్టెలు, సున్నానికి గవ్వలు అన్నీ పడవల్లో పోయేవి. 1899 నాటికి మద్రాసు బెజవాడ రైలు వచ్చాక పడవలు తగ్గతా వచ్చాయి. తర్వాత తుపాన్లకి పూడింది, మనం కూడా పూడ్చాం.

దక్షిణాన శ్రీహరికోట సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. పులికాట్ సరస్సుకి, సముద్రానికి మధ్యనున్న ఇసక దీవి అది. అక్కడ యానాదులు తరతరాలుగా ఉన్నారు. ఏ తీగ మందో, ఏ గడ్డ తిండికి పనికొస్తాదో, ఏ పల్లంలో చేత్తో చెలమ తీస్తే తీపి నీళ్ళు ఊరతాయో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. 1969లో రాకెట్ల కోసం ఆ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరింది, 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ రోహిణి ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. దేశానికి గొప్ప పేరు, మనకీ గర్వమే. కానీ యానాది కుటుంబాల్ని దీవి నుంచి బయటికి పంపారు. వాళ్ళతో పాటు ఆ దిబ్బల తెలివి కూడా కొంత పోయింది. ఇంకో మాట కూడా నిజం. జనం రాకపోకలు ఆగినందువల్ల అక్కడ అడవి మిగిలింది. రెండూ చెప్పుకోవాల్సిందే.

ఇక తుపాన్లు. 1984 నవంబర్లో శ్రీహరికోట పక్క, 1989 నవంబర్లో కావలి పక్క తీరం దాటినవి మన వయసు వాళ్ళకి బాగా గుర్తు. ఉప్పెన వచ్చినప్పుడు మొదట దెబ్బ తినేది దిబ్బ. అల దాన్ని కోస్తాది, కోసిన ఇసక మళ్ళీ సముద్రంలోకి పోయి ఒడ్డు ముందర పరుచుకుంటాది, దాంతో తర్వాత వచ్చే అల బలం తగ్గుతాది. తుపాను పోయాక ఆ ఇసకలో కొంత నెమ్మదిగా వెనక్కి వస్తాది. అంటే దిబ్బ అనేది సముద్రానికీ నేలకీ మధ్యన ఉన్న బ్యాంకు ఖాతా. కష్టకాలంలో తీస్తారు, మంచి కాలంలో వేస్తారు. ఖాతానే మూసేస్తే?

2004 డిసెంబర్ 26 ఆదివారం పొద్దున సునామీ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. చాలాచోట్ల లోపలికి వచ్చిన నీళ్ళని బకింగ్‌హాం కాలువ పట్టుకుని ఆపింది. పనికిరాదని వదిలేసిన కాలువ! శ్రీలంకలో యాల అడవి దగ్గర ఒక హోటల్ ముందర, సముద్రం కనపడాలని దిబ్బ తీసేశారు. సునామీ ఆ సందులోంచే వచ్చి హోటల్ని తుడిచిపెట్టింది. పక్కన దిబ్బలు ఉన్నచోట నీళ్ళు దాటి రాలేకపోయాయి.

ఇప్పుడు నా తప్పు చెప్తా. ఇది చెప్పకుండా మీకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు.

1993లో టైగర్ రొయ్య మోజు మన కోస్తా అంతా పట్టుకుంది. ఎకరాకి వచ్చే లాభం వింటే కళ్ళు తిరిగేవి. మా నాన్న వద్దన్నాడు. అప్పుడు నా వయసు ఇరవై దాటి రెండు మూడేళ్ళు. పోరి పోరి ఒప్పించింది నేనే. దొరువు పక్కనున్న దిబ్బ కోయించి, ఆ ఇసకతోనే గట్లు పోసి గుంట తీయించా. మొదటి పంట బాగా వచ్చింది. ఇంటికి కొత్త టీవీ వచ్చింది. 1995లో తెల్లమచ్చ వచ్చింది. మూడు రోజుల్లో గుంటంతా తెల్లగా తేలింది. అప్పు మిగిలింది.

అప్పు తీర్చుకోవచ్చు. నీళ్ళు? గుంటలో నిలబెట్టిన ఉప్పు నీళ్ళు ఇసకలోంచి దిగి మా దొరువులోకి వచ్చాయి. పక్కన మా చిన్నాన్న దొరువు. ఆయన గుంట తీయలా, తప్పేమీ చేయలా. ఆయన మిరప నారు కూడా మాడిపోయింది. ఆయన ఒకరోజు కడవతో నీళ్ళు తెచ్చి మా నాన్న ముందర పెట్టి "తాగి చూడన్నా" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలా. మా నాన్న తాగాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నాలుగేళ్ళు మాట్లాడుకోలా. దిబ్బ నా పట్టా కావచ్చు, దాని కింద నీళ్ళు మాత్రం నా ఒక్కడివి కాదు. అది నేను కడవ నీళ్ళతో నేర్చుకున్నా.

1996 డిసెంబర్లో సుప్రీంకోర్టు తీరం పక్క రొయ్యల గుంటల మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, అనుమతులతో సాగుకి దారి ఇచ్చింది. దిబ్బల సంగతికొస్తే, 1991 తీరప్రాంత నిబంధనల్లోనే ఇసక దిబ్బల్ని చెక్కడం, మార్చడం కూడదని ఉంది. 2011 నిబంధనల్లో దిబ్బల్ని అన్నిటికంటే కట్టడి ఎక్కువున్న మొదటి తరగతిలో చేర్చారు. కాబట్టి "మీ పట్టా, మీ ఇష్టం" అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. సంతకం పెట్టేది మీరు, కేసు పడితే మీ మీద. వాళ్ళ ట్రాక్టర్ అప్పటికి ఇంకో ఊళ్ళో ఉంటాది.

మళ్ళీ కుర్రాడి మాట దగ్గరికి వద్దాం. "గాలికి మళ్ళీ వచ్చి పడతాది" అన్నాడు గదా. మేము గుంట వదిలేసి గట్లు తెంపేశాం, సర్వి వేశాం. వాన నీళ్ళు కడిగి కడిగి, దొరువు నీళ్ళు నారుకి పనికొచ్చేదానికి పదేళ్ళ పైన పట్టింది. ఇక ఇసక. మేము కోసిన దిబ్బ రెండు నిలువుల ఎత్తు ఉండేది. ముప్ఫై ఏళ్ళు దాటింది. నిన్న పోయి నిలబడి చూశా. అక్కడ చేరింది నా మోకాలెత్తు. అది కూడా అంచున బాలబండి తీగ ఉన్న చోట మాత్రమే.

ఇకముందు అంత కూడా వస్తాదని నమ్మకం లేదు. ఎందుకంటే ఇసక తెచ్చే పెన్నకి పైన సోమశిల ఉంది, 78 టీఎంసీల జలాశయం. దాని వల్లే మన కయ్యలు పండుతున్నాయి, దాన్ని తప్పు పట్టడంలా. కానీ నీళ్ళతో పాటు ఇసక కూడా అక్కడ ఆగుతాది. ఏట్లో మిగిలింది లారీలు తోలుకుపోతున్నాయి. కొత్త ఇసక రాక తగ్గిన కాలంలో పాత ఇసక అమ్ముకోవడం అంటే, వానలు లేని ఏడు విత్తనాల గింజలు వండుకుని తిన్నట్టు.

ఇంకో మాట చెప్పి ముగిస్తా. నాలుగు వందల ఏళ్ళ కిందట మన పక్కన పులికాట్‌కి వ్యాపారానికి వచ్చిన డచ్చివాళ్ళ దేశంలో చాలా నేల సముద్ర మట్టం కంటే కింద ఉంది. వాళ్ళని కాచేది ఒడ్డునున్న దిబ్బలే. 1853 నుంచి ఆమ్‌స్టర్‌డాం ఊరు దిబ్బల నీళ్ళు తాగుతా ఉంది. అక్కడ దిబ్బ మీద గడ్డి నాటడానికి జీతమిచ్చి మనుషుల్ని పెడతారు. మనకి ఆ గడ్డి ఉచితంగా మొలుస్తా ఉంది.

నేను అడిగేది నాలుగు పనులే. ఒడ్డు పక్క మొదటి దిబ్బ ఎంత ధర చెప్పినా ఇవ్వొద్దు. ఎదిగిన సర్వి కొట్టి అమ్ముకోండి, మళ్ళీ నాటుకోండి, ఇసక మాత్రం అమ్మొద్దు. రావణాసురుడి మీసాలు, బాలబండి తీగ కలుపు అని పీకొద్దు, వాటి మీద ట్రాక్టర్ తోలొద్దు. దిబ్బ పక్క లోతు బోర్లు వేయొద్దు, పాత దొరువు ఉంటే పూడిక తీయించుకోండి.

వచ్చే గ్రామసభలో మా ఊళ్ళో ఈ మాట నేనే ఎత్తుతా. మా చిన్నాన్న కొడుకు కూడా వస్తానన్నాడు. మీ ఊళ్ళో ఎన్ని దొరువులు ఉండేవి, ఇప్పుడు ఎన్నింట్లో తీపి నీళ్ళు ఉన్నాయి, మీ పెద్దోళ్ళని అడిగి రాయండి. వాళ్ళు ఉండగానే అడగండి.

ఉంటా మరి. నారుకి నీళ్ళు పోయాలి.